కచేరీలు మానకుండా రికార్డుల కొట్టు నడపడం ఎలా?

నేను వయొలిన్ వాయిస్తాను. సాయంత్రాలు పక్కవాద్యం, పిలుపు వచ్చినప్పుడు రికార్డింగ్, వారంలో రెండు రోజులు పిల్లలకు పాఠాలు. వీటి మధ్యనే ఏడేళ్ళుగా చెన్నై త్యాగరాయనగర్‌లో ఒక మేడ మీద, 160 చదరపు అడుగుల గదిలో, పాత గ్రామఫోను ప్లేట్లు, ఎల్‌పీలు (లాంగ్‌ప్లే రికార్డులు), క్యాసెట్లు కొని అమ్ముతున్నాను. సంగీతం వృత్తిగా ఉన్న తెలుగువారు, ముఖ్యంగా చెన్నైలో స్థిరపడినవారు, ఇలాంటి కొట్టు పెట్టాలంటే ఏం చేయాలని అడుగుతూ ఉంటారు. వారికోసం ఇది రాస్తున్నాను.

ఈ కొట్టుకు అసలు పెట్టుబడి మీ చెవి. డబ్బు దాని తరువాతే. నాలుగు వందల రికార్డుల గుట్టలో కొనదగ్గవి ఏ నలభయ్యో గంటలో తేల్చగలిగేది ఆ చెవే. సాధన తగ్గితే మొదట మొద్దుబారేదీ అదే. అందుకే ఈ వ్యాపారంలో ప్రతి నిర్ణయాన్నీ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: దీనివల్ల నా ఉదయం సాధన గంటలు మిగులుతాయా, పోతాయా?

మొదటి అడుగు: గది వెతికేముందు పంచాంగం తెరవండి

చాలామంది అద్దె గదితో మొదలుపెడతారు. ముందు పన్నెండు నెలల పట్టిక గీయండి. మార్గళి మాసపు సంగీతోత్సవ కచేరీలు డిసెంబరులో ఊపందుకుంటాయి. సాధారణంగా జనవరిలో, పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళి కచేరీలు. ఆషాఢంలో, తమిళుల ఆడి మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మనకు ఖాళీ. మన ఖాళీ నెలలు కొట్టుకు కూడా మందకొడి నెలలే. మనం ఊపిరాడకుండా వాయించే డిసెంబరులోనే విదేశాల నుంచి వచ్చిన రసికులు పాత రికార్డులు వెతుక్కుంటూ తిరుగుతారు. ఈ చిక్కు ఎక్కడికీ పోదు, మొదటి రోజునుంచీ దానికి ఏర్పాటు ఉండాలి.

నా వేళలు ఇవి: బుధవారం నుంచి శనివారం దాకా ఉదయం పదకొండు నుంచి మూడు వరకు, ఆదివారం పది నుంచి ఆరు వరకు. సోమ, మంగళవారాలు సెలవు. నెలకు సుమారు ఇరవై రోజులు. కచేరీ ఉన్న రోజు కూడా మూడింటికి తాళం వేస్తే ఇంటికి వెళ్ళి స్నానం చేసి, తీగలు చూసుకుని, సభకు చేరే వ్యవధి ఉంటుంది. ఉదయం రికార్డింగ్ కాల్షీట్ వచ్చిన రోజు కొట్టు తెరిచేందుకు నమ్మకమైన మనిషి ఒకరు కావాలి. నా దగ్గర పాఠం నేర్చుకున్న ఒక అమ్మాయి ఆ పని చేస్తోంది, నెలజీతం మీద. పాఠానికి బదులుగా పని చేయించుకోవడం నాకు సమ్మతం కాదు. గురుశిష్య సంబంధాన్ని జీతంతో కలపకూడదు. కాబట్టి ఆమెకు పాఠం పాఠమే, జీతం జీతమే.

వేళలు తక్కువైనా ఫరవాలేదు. రాసిన వేళకు తలుపు తెరిచి ఉండటం ముఖ్యం. తాంబరం నుంచి రైలెక్కి వచ్చిన మనిషికి ఒకసారి తాళం కనిపిస్తే రెండోసారి రాడు.

రెండో అడుగు: గది, అద్దె, నెలకు ఎన్ని అమ్మాలి

రోడ్డు మీది కొట్టు అవసరం లేదు. రికార్డులు కొనేవారు వెతుక్కుంటూ వస్తారు. మేడ మీద గది అద్దె తక్కువ, పైగా వానాకాలంలో నీళ్ళు రావు. 2015 డిసెంబరు వరదలు చూసిన ఊరు ఇది. నేల అంతస్తులో రికార్డులు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

కానీ మేడ అయితే బరువు చూసుకోవాలి. అట్టతో కలిపి ఒక్కో ఎల్‌పీ పావు కిలో దాకా తూగుతుంది. నాలుగు వేల ఎల్‌పీలంటే ఒక టన్ను. అలమరాలను గది మధ్యలో కాకుండా గోడల వెంట సర్దండి. పాత కట్టడమైతే ముందుగా ఇంజనీరుకు చూపించండి. ఒక్కో అర లోపలి ఎత్తు 13 అంగుళాలు, అడుగు అడుగున్నరకొక అడ్డుపలక. పొడుగాటి అరలో రికార్డులు ఒరిగి వంగిపోతాయి.

చెన్నైలో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం పాత అలవాటు. 2019 నుంచి అమల్లో ఉన్న తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. ఆ మాట తెలిసి బేరమాడితే ఆరు దగ్గరకైనా దిగుతారు. కరెంటు కనెక్షను వాణిజ్యానిదా, ఇంటిదా అన్నది ఒప్పందానికి ముందే తేల్చుకోండి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు అద్దె 15,000, సహాయకురాలి జీతం 9,000, కరెంటు, ఇంటర్నెట్ 2,500, అట్టపెట్టెలు, కవర్లు, శుభ్రం చేసే సామాను 1,500. మొత్తం 28,000 రూపాయలు. సగటున ఒక రికార్డు 700కు అమ్మి అందులో 350 మిగిలితే, ఖర్చులు తీరడానికే నెలకు 80 రికార్డులు పోవాలి. ఇరవై రోజులకు పంచితే రోజుకు నాలుగు. ఐదోది అమ్మినప్పుడే మీకు ఏమైనా మిగిలేది. ఈ సంఖ్యల స్థానంలో మీవి వేసుకుని, రోజుకు ఎనిమిది దాటి వస్తే ఆ గది వదిలేయండి. అంతమందికి అమ్మాలంటే రోజంతా కూర్చోవాలి, అప్పుడు సాధన ఉండదు. మొదటి ఏడాది కచేరీ డబ్బులు కొట్టులో పెట్టాల్సి వస్తుందని ముందే అనుకుని, దానికొక హద్దు కాగితం మీద రాసి ఇంట్లోవారికి చూపించండి.

మూడో అడుగు: కాగితాలు

కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, బ్యాంకులో విడి ఖాతా, ఇవి అందరికీ తెలిసినవే. బోర్డు మీద తమిళం పెద్దగా, తరువాత ఇంగ్లీషు, ఆ తరువాతే మరో భాష ఉండాలన్నది ఇక్కడి నిబంధన. మూడో వరసలో తెలుగు రాయించుకోవచ్చు, నేను రాయించుకున్నాను.

వాద్యకారులు పొరబడేది జీఎస్టీ దగ్గర. సరుకులు మాత్రమే అమ్మేవారికి తమిళనాడులో ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మనం సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళం కాము. రికార్డింగులు, పాఠాలు సేవల కింద పడతాయి, సేవలు కలిస్తే పరిమితి 20 లక్షలే. ఒకే పాన్ మీద వచ్చినదంతా కలిపి లెక్క కడతారు. శాస్త్రీయ, జానపద సంగీత ప్రదర్శనకు తీసుకునే పారితోషికం లక్షన్నర వరకు పన్ను మినహాయింపులో ఉంటుంది కానీ, టర్నోవరు లెక్కలో అదీ చేరుతుంది. ఇంకొకటి: చెన్నై నుంచి విజయవాడకో హైదరాబాదుకో ఒక్క రికార్డు అమ్మి పంపినా అది అంతర్రాష్ట్ర సరఫరా. సరుకుల విషయంలో దానికి పరిమితితో నిమిత్తం లేకుండా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలుగు రికార్డులు కొనేవారు ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణల్లోనే ఉంటారు కాబట్టి, మొదటినుంచే రిజిస్టర్ చేసుకోవడం మేలు.

పాత సరుకు అమ్మేవారికి ఒక ఊరట కూడా ఉంది. సీజీఎస్టీ నియమాల్లో 32(5) ప్రకారం వాడిన వస్తువును కొని అమ్మినప్పుడు, కొన్నదానిమీద పన్ను జమ (ఇన్‌పుట్ క్రెడిట్) తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదనే పన్ను. 350కి కొని 700కు అమ్మితే 350 మీదే. దానికి రుజువు కావాలి. అందుకే ప్రతి కొనుగోలుకూ ఇచ్చినవారి పేరు, గుర్తింపు కార్డు వివరం, సంతకం, తేదీ, రికార్డుల జాబితా ఒక పుస్తకంలో ఉండాలి. దొంగసొత్తు మీ అలమరాలోకి రాకుండా కాపాడేదీ ఆ పుస్తకమే. వివరాలకు చార్టర్డ్ అకౌంటెంటును ఒకసారి కలవండి. ఆ ఫీజుకు వెనుకాడవద్దు.

నాలుగో అడుగు: సరుకు మన ఇళ్ళ అటకల మీదే ఉంది

తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయేవరకు దాని ఊరు మద్రాసే. వడపళని వాహినీ స్టూడియో చుట్టూ, కోడంబాకం, సాలిగ్రామం వీధుల్లో, త్యాగరాయనగర్‌లో పాటల రచయితలు, గాయకులు, వాద్యబృందాల వాళ్ళు కాపురాలున్నారు. పరిశ్రమ వెళ్ళినా చాలా కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. మా నాన్నగారు అలా ఉండిపోయినవారే. ఆ ఇళ్ళ అటకల మీద, ట్రంకు పెట్టెల్లో, మంచాల కింద రికార్డులున్నాయి. ఇప్పుడు మూడో తరం ఆ ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కట్టిస్తోంది. పెట్టెలు బయటికి వచ్చేది ఆ కొద్ది వారాల్లోనే. మన చేతికి రాకపోతే పాతసామాను బండి ఎక్కుతాయి.

సెంట్రల్ స్టేషన్ పక్కన ఉండిన మూర్ మార్కెట్ 1985లో తగలబడకముందు పాత పుస్తకాలకూ రికార్డులకూ అది పుట్టినిల్లు. ఆ వ్యాపారుల సంప్రదాయం పక్కన కట్టిన సముదాయంలోనూ, ఊళ్ళో చెదురుమదురుగానూ సాగుతోంది. వారి దగ్గర తమిళ సినిమా ఎల్‌పీలకు, ఇంగ్లీషు పాప్‌కు ధర గట్టిగా ఉంటుంది. తెలుగు ప్లేట్లను చదవలేక, అడిగేవారు లేక గుట్టగా పక్కన పడేస్తారు. మన భాష మనకు లాభం తెచ్చేది అక్కడే. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ఎవరికోసం దాచాలో, గాయని రావు బాలసరస్వతీదేవి లలితగీతం వెనుకవైపు ఏముందో, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ప్లేటు పెట్టె అడుగున ఎందుకు ఉండకూడదో తెలిసినవారు ఆ గుట్ట ముందు కూర్చోవాలి.

కుటుంబాల దగ్గర కొనేటప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. ఫోనులో ధర మాట్లాడను. ఇంటికి వెళ్తాను, చిన్న ప్లేయరు తీసుకుని వెళ్తాను. వడపళనిలో ఒక పెద్దావిడ పెట్టె తెరిచి, "పాతసామాను వాడికి వేసేద్దామనుకున్నాను. ఇవన్నీ నీకెందుకమ్మా?" అని అడిగారు. "వినేవాళ్ళకు చేర్చడానికి పిన్నిగారూ. ముందు మీరొకసారి వినండి" అన్నాను. వాళ్ళాయన సినిమా వాద్యబృందంలో సెల్లో అనే పెద్ద తీగవాద్యం వాయించేవారట. లేబుల్ మీద గాయకుల పేర్లుంటాయి, సంగీత దర్శకుడి పేరుంటుంది, వరసలో కూర్చుని వాయించినవారి పేర్లుండవు. ఆయన వాయించిన పాట ఏదో ఆవిడకు గుర్తుంది. ఆ ప్లేటు వెతికి వేశాను. పల్లవి తరువాత కొద్దిసేపు వచ్చే సెల్లో నాదాన్ని ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. "ఇదొక్కటి ఉంచేస్తాను తల్లీ" అన్నారు. అది ఆ పెట్టెలో మంచి ధర పలికే వాటిలో ఒకటి. ఉంచుకోమన్నాను, శుభ్రం చేసి కొత్త కవరులో పెట్టి ఇచ్చాను. మిగిలినవాటికి అక్కడికక్కడే డబ్బు ఇచ్చాను. అప్పటినుంచి ఆ వీధిలో ఇల్లు ఖాళీ చేసేవారు నాకే కబురు పెడుతున్నారు.

కొనుగోలు ధరకు నా సూత్రం: అమ్ముతానని నమ్మకమున్న ధరలో 45 నుంచి 50 శాతం. ఖరీదైనదీ, వెంటనే పోయేదీ అయితే 60 దాకా. పెట్టెడంతా ఒకే ధరకు కొంటే, అందులో విలువైన ప్లేట్లు ఏవో అమ్మేవారికి చెప్పి కొనండి. తెలియనివారి దగ్గర చవకగా కొట్టేయడం ఈ వృత్తిలో తేలిక, నా దృష్టిలో అది తప్పు.

ఒక దెబ్బ కూడా చెప్పాలి. రెండో ఏడాది ఊరికి దూరంగా ఒక గోదాములో నాలుగు వందల ఎల్‌పీలు ఒక వ్యాపారి చూపించాడు. పైన ఉన్న ఇరవై చూసి మొత్తం కొన్నాను. ఇంటికి తెచ్చి విప్పితే సగానికి పైగా తెల్లని బూజు. అప్పటినుంచి పైనుంచి పది, మధ్యనుంచి పది, అడుగునుంచి పది బయటికి తీసి వెలుతురులో తిప్పి చూడనిదే మాట ఇవ్వను.

ఐదో అడుగు: విని తూకం వేయడం

ఇక్కడే సంగీతం తెలిసినవారి కొట్టు మిగతా కొట్లకన్నా వేరుగా నిలబడుతుంది. కొనేవారు ప్రపంచమంతటా వాడే శ్రేణులే వాడండి: మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, పూర్. కానీ కంటితో చూసి శ్రేణి రాయవద్దు. గీతలు కనిపించే ప్లేటు చక్కగా పాడవచ్చు. అద్దంలా మెరిసే ప్లేటు గాడి అరిగిపోయి ఉండవచ్చు, అరుగుదల కంటికి కనపడదు.

మూడు చోట్ల వినండి. మొదటి అర నిమిషం: ముల్లు దించేచోట దెబ్బలు ఎక్కువ. తరువాత మధ్యలో, తారస్థాయిలో గట్టిగా పలికే చోటు. గాడి అరిగితే మొదట చెడేది అదే. వయొలిన్ తారషడ్జమం దాటగానే గరగరమంటుంది, గాత్రంలో సకారాలు ఉమ్మినట్టు వినిపిస్తాయి. చివరిగా లేబుల్ దగ్గరి అంగుళం. అక్కడ గాడి చుట్టు చిన్నది, అంతే సమయపు ధ్వని తక్కువ పొడవులో ఇరుక్కుని ఉంటుంది, పాత బరువు ముల్లు చేసిన గాయం అక్కడే ఎక్కువ. కర్ణాటక సంగీతం ఎల్‌పీల్లో తిల్లానా లాంటి జోరైన అంశం తరచు ఆ చివరనే వస్తుంది. అది శుభ్రంగా పలికితే మిగతా వైపుకు ఢోకా లేదు.

మరొకటి, నడిమి రంధ్రం సరిగ్గా కేంద్రంలో లేకపోవడం. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. నిలిపిన స్వరం ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి ఊగితే రంధ్రం పక్కకు పోయిందన్నమాట. వెనుక తంబుర ఉన్న రికార్డులో ఇది ఇట్టే దొరుకుతుంది. సినిమా పాటలో బయటపడకపోవచ్చు. ఆలాపన వినేవారికి మాత్రం ఆ ఊగు భరించరానిది. నేను దాన్ని చీటీ మీద రాస్తాను.

హెచ్‌ఎంవీ కంపెనీ భారతీయ ఎల్‌పీల సంఖ్యల ముందు అక్షరాలు చదవడం నేర్చుకోండి. ఈసీఎల్‌పీ అంటే మోనో, ఈసీఎస్‌డీ అంటే స్టీరియో. ఒకే సంగీతం కొన్నిసార్లు రెండిట్లోనూ దొరుకుతుంది. లేబుల్‌కూ చివరి గాడికీ మధ్య ఖాళీ జాగాలో చెక్కిన సంఖ్యను కూడా పుస్తకంలో ఎక్కించండి. అట్ట మారిపోయినా ప్లేటు ఏదో అదే చెబుతుంది.

ప్రతి రికార్డుకూ తెలుగులో రెండు వాక్యాల చీటీ రాస్తాను: రాగం, పక్కవాద్యం, ఎక్కడ చిటపట ఉందో, ఎక్కడ పాట ఎగురుతుందో. రోజుకు పన్నెండుకు మించి రాయను. అంతకు మించితే చెవి అలసి అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. కచేరీ ఉన్న రోజు అసలు వినను.

ఆరో అడుగు: యంత్రం, ముల్లు

రెండు యంత్రాలు చాలు. ఒకటి ఎల్‌పీలకు. రెండోది నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను ప్లేట్లకు (వాటినే 78లు అంటాం), 78ల ముల్లుతో. ఎల్‌పీ ముల్లు మొన అంగుళంలో వెయ్యింట ఒక వంతుకన్నా సన్నం, 78కి సుమారు వెయ్యింట మూడు వంతుల మొన కావాలి. ఎల్‌పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున దొర్లుతుంది. పాటకన్నా రణగొణే ఎక్కువ వినిపిస్తుంది, ముల్లు కూడా పాడవుతుంది. సూట్‌కేసు ప్లేయర్లను నా కొట్టులో అమ్మను, వాటి బరువు ముల్లు కొత్త రికార్డులను తినేస్తుంది. సాధారణ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) అయితే ముల్లు మీది బరువు రెండు గ్రాముల దగ్గర పెట్టి, చిన్న తూనికతో నెలకొకసారి చూసుకోండి. విడిభాగాలకు, మరమ్మతు చేసేవారి ఆచూకీకి రిచీ స్ట్రీట్ ఉంది.

విదేశాల నుంచి బంధువులు తెచ్చే పాత టర్న్‌టేబుళ్ళతో ఒక ప్రమాదం. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ పౌనఃపున్యాన్ని బట్టి తిరిగే మోటారైతే, ఓల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వేగం ఆరింట ఐదు వంతులే వస్తుంది. షడ్జమం మూడు స్వరస్థానాలు దిగి మంద్ర చతుశ్రుతి ధైవతం దగ్గర కూర్చుంటుంది. మోటారు కప్పీ మారిస్తే సరవుతుంది. మరీ పాత ప్లేట్లలో ఇంకో సంగతి: 78 అని రాసి ఉన్నా రికార్డు చేసిన వేగం కాస్త అటూ ఇటూ ఉండేది. ఆ గాయకుడు ఏ శ్రుతిలో పాడేవారో తెలిసిన చెవి, వేగం సవరించి అసలు గొంతును తిరిగి తేగలదు. అలా సవరించి వినిపించినప్పుడు పెద్దవారి మొహాలు చూడాలి.

ఏడో అడుగు: కడగడం, దాచడం

78లు లక్కతో చేసినవి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. ఎల్‌పీలు తుడిచే ద్రావకం 78 మీద పడితే ప్లేటు పోయినట్టే. రెండిటి సీసాలూ రెండు వేరు అలమరాల్లో పెట్టండి, రంగు మూతలు వేయండి, సహాయకులకు మొదటి రోజే చూపించండి. 78కి డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల తేలికపాటి సబ్బుద్రవం, గాడి దిశలోనే మెత్తని గుడ్డ. పగులున్న ప్లేటును తడపవద్దు. ఎల్‌పీకి మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాలు. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్ళు వద్దు, చెన్నై ఉప్పు గాడిలో పేరుకుంటుంది.

ఆరబెట్టేది నీడలో, ఫ్యాను కింద. ఎల్‌పీ ప్లాస్టిక్కు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి సులభంగా వస్తుంది. కొన్న పెట్టెతో దారిలో భోజనానికి ఆగవద్దు.

బూజుకు చెప్పాల్సింది కొంచెమే: కొత్తగా వచ్చినది వారం రోజులు విడి గదిలోనో వరండాలోనో ఉండాలి, కడిగాకే అలమరాలోకి రావాలి. బూజు పట్టిన లోపలి కవరు పారేయండి. పీవీసీ కవర్లు కొనవద్దు, అవి ప్లేటు మీద పొగలాంటి మచ్చ వేస్తాయి. పాలిథీన్ లేదా పాలిప్రొపిలీన్ అడగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో గదిలో తేమ తీసే యంత్రం నడపండి. రికార్డులు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి.

క్యాసెట్లకు కూడా ఇదే జాగ్రత్త. అమ్మేముందు లోపలి స్పాంజి ఊడిందేమో చూస్తే చాలు.

ఎనిమిదో అడుగు: ధర, అమ్మకం

పాతదల్లా ఖరీదు కాదు. ఘంటసాల భగవద్గీత, సుబ్బులక్ష్మి సుప్రభాతం రికార్డులు తెలుగు ఇళ్ళలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అవి కొట్టులో ఎప్పుడూ ఉండాలి, ధర అందుబాటులో ఉండాలి. మొదటిసారి వచ్చిన మనిషి ఎక్కువగా వాటినే పట్టుకెళ్తాడు. అరుదైన వాటికి డిస్కాగ్స్ వంటి వెబ్‌సైట్లలో ఇదివరకు నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. అడుగుతున్న ధరలు చూడకండి. తెలుగు పద్యాల 78లకు అక్కడ పోలిక దొరకదు, మీ వివేచనే దారి. ఆరు నెలలు కదలని రికార్డు ధర నాలుగో వంతు తగ్గించండి, ఏడాదికి కదలకపోతే రూపాయి లాభం లేకపోయినా పంపేయండి.

పార్సెల్ కట్టేటప్పుడు ప్లేటును అట్టలోంచి తీసి వెనుక పెట్టండి, లేకపోతే కుదుపులకు అట్ట అంచు చీలుతుంది. రెండు వైపులా గట్టి అట్టలు, వాటి పొరలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. 78 అయితే పెట్టెలో ఇంకో పెట్టె. అట్టలు చెన్నైలోనే ప్యారీస్ కార్నర్ దగ్గర అండర్సన్ వీధిలో టోకుగా దొరుకుతాయి.

కొట్టులో పాట వేయడం కూడా చట్టం దృష్టిలో బహిరంగ ప్రసారమే. లైసెన్సు తీసుకోండి. రికార్డింగు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. 1960లో వచ్చిన రికార్డు మీద అది 2020 చివరితో ముగిసింది. అయినా పాట మాటల మీద, వరస మీద హక్కు వేరుగా ఉంటుంది. పాటల రచయిత సముద్రాల రాఘవాచార్య 1968లో కన్నుమూశారు, ఆయన సాహిత్యం మీద హక్కు 2028 చివరిదాకా సాగుతుంది. త్యాగరాజ కృతికి ఆ చిక్కు లేదు. ఎవరు ఎంత బతిమాలినా రికార్డును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అమ్మవద్దు. మన తోటి కళాకారుల కూలి అది.

స్వతంత్రంగా ఆల్బం వేసుకునే యువ కళాకారుల సీడీలు, ఎల్‌పీలు అప్పగింత మీద పెట్టుకోండి. అమ్మితే 25 శాతం కొట్టుకు, మిగతాది వారికి, నెలాఖరున లెక్క. వారు నా చిన్న గదిలో మైకు లేకుండా పాతికమందికి వాయిస్తారు. ఆ రోజు అమ్మకంకన్నా ఆ గదిలో వినబడిన నాదం గురించి జనం ఎక్కువ మాట్లాడతారు. వారే తరువాత కొనడానికి వస్తారు.

తొమ్మిదో అడుగు: డిసెంబరు

సెప్టెంబరు నుంచే కొనడం తగ్గించి కడిగి, చీటీలు రాసి సిద్ధం చేసుకోండి. నవంబరు ముగిసేసరికి కనీసం మూడు వందల రికార్డులు విని ఉండాలి. సీజనులో వేళలు మార్చి ఉదయం పది నుంచి ఒంటిగంట వరకే తెరవండి. మ్యూజిక్ అకాడమీలో ఉదయం ప్రసంగ ప్రదర్శనలు విని, క్యాంటీనులో తిని, మధ్యాహ్నం కచేరీకి వెళ్ళే రసికులకు ఆ వేళ సరిపోతుంది. మనకు మధ్యాహ్నం విశ్రాంతి దొరుకుతుంది. మారిన వేళలను నవంబరులోనే తలుపు మీద, ఫోను సందేశాల్లో పెట్టండి. ఈ నెల మాత్రం రెండో మనిషిని పెట్టుకోండి. మీరు కొట్టులో లేని రోజు బేరాలు వద్దు, ధర చీటీయే చివరి మాట అని వారికి చెప్పండి. ఎవరైనా రికార్డులు అమ్మడానికి తెస్తే పేరు, ఫోను నంబరు రాసుకుని జనవరిలో రమ్మనండి. అలసిన చెవితో కొన్న సరుకు ఆషాఢందాకా అలమరాలో కూర్చుంటుంది.

ఆరాధన ముగిశాక రెండు రోజులు కొట్టు మూసి సరుకు లెక్కపెట్టండి. పెట్టెల అడుగున దొరికిన పాటల పుస్తకాలు, పాత రికార్డు కంపెనీల జాబితాలు అమ్మకుండా తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయానికి ఇస్తాను, అలాంటి కాగితాల విలువ తెలిసిన చోటు అది. ఆ తరువాత డిసెంబరులో రాసుకున్న ఫోను నంబర్లు తీసి, వరసగా ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఇంటికి ఎప్పుడు రమ్మంటారో అడగండి.